కలిసి వెళ్లి, విడివిడిగా తిరిగొచ్చినవాళ్లు: పరాయి దేశంలో సైన్యం, మిత్రదేశాల మధ్య తగవు

మా మేనల్లుడు గ్రూప్-1కి ప్రిపేర్ అవుతున్నాడు. పగలంతా ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుంటాడు, సాయంత్రం బీచ్ రోడ్డులో నాతో నడుస్తాడు. మొన్నొకరోజు కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా మురీ మిక్చర్ కొనుక్కుని గోడ మీద కూర్చున్నాక అడిగాడు: "మావయ్యా, 2003లో ఇరాక్‌కి అమెరికాతో పాటు బోలెడు దేశాలు వెళ్లాయి కదా. ఐదారేళ్లలో ఒక్కొక్కటీ ఎందుకు జారుకున్నాయి? ఓడిపోయాయా?"

ఓడిపోలేదు. వాటిలో చాలా దేశాలు అక్కడ చెప్పుకోదగ్గ యుద్ధమే చెయ్యలేదు. మరెందుకు వచ్చేశాయంటే, ఆ జవాబుకి మాకు మూడు సాయంత్రాలు పట్టింది. మొదటి సాయంత్రం అచ్చంగా మాటల అర్థాలకే సరిపోయింది. ఎందుకంటే ఈ విషయంలో సగం గందరగోళం మన పత్రికలు వాడే మాటల్లోనే ఉంది.

మిత్రుడు, భాగస్వామి, వెంట వచ్చినవాడు

2016లో ఇదే తీరంలో అంతర్జాతీయ నౌకా ప్రదర్శన జరిగింది. 2024లో మిలన్ విన్యాసాలకి దాదాపు 50 దేశాలు వచ్చాయి. ఆర్‌కే బీచ్‌లో రకరకాల జెండాలు ఎగురుతుంటే చూసినవాళ్లకి అవన్నీ మన మిత్రదేశాలే అనిపించడం సహజం. కానీ విన్యాసాలకి రావడం పెళ్లికి రావడం లాంటిది. భోంచేసి, ఫొటో దిగి, ఎవరింటికి వాళ్లు వెళ్తారు. రేపు మనింట్లో గొడవైతే కర్ర పట్టుకుని వస్తామని ఎవరూ కాగితం రాసివ్వలేదు.

అలా కాగితం రాసిస్తేనే అది సైనిక కూటమి. 1949లో పుట్టిన నాటో అలాంటిది. ఒక సభ్యుడి మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టేనని దాని ఒప్పందం 5వ అధికరణ చెబుతుంది. ఈ ముక్క అందరికీ తెలుసు. అదే అధికరణలో ఉన్న రెండో ముక్కని చాలామంది పట్టించుకోరు: సాయంగా ఏం చెయ్యాలన్నది ప్రతి దేశం తనకి అవసరమని తోచిన మేరకు నిర్ణయించుకుంటుంది. అంటే కూటమిలో ఉన్నా సైన్యం పంపి తీరాలన్న నిర్బంధం లేదు. ఈ సందు తర్వాత కథలో చాలాసార్లు పనికొస్తుంది.

మూడోది తాత్కాలిక సంకీర్ణం. ఒక పని కోసం పోగై, పని అయ్యాకో కాకముందో విడిపోయేది. 2003లో ఇరాక్ మీదికి వెళ్లింది నాటో కాదు, "సిద్ధపడ్డ దేశాల" సంకీర్ణం. వాజ్‌పేయి ప్రభుత్వానికి తెలుగుదేశం బయటి నుంచి మద్దతిచ్చిన రోజులు గుర్తున్నవాళ్లకి ఈ ఏర్పాటు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. లోపల కూర్చున్నవాడి లెక్క వేరు, బయట నిలబడ్డవాడి లెక్క వేరు.

"ఆక్రమణ" తిట్టు కాదు, హోదా

విశాఖలో "ఆక్రమణ" అనగానే ప్రభుత్వ భూమి, కొండవాలులో పాక, జేసీబీ గుర్తొస్తాయి. ఇక పేపర్లలో అంతర్జాతీయ వార్తల పేజీ తిప్పితే "ఆక్రమణ", "దురాక్రమణ" రెండూ ఒకే అర్థంలో కలిసిపోయి కనిపిస్తాయి. అవి వేర్వేరు. దురాక్రమణ అన్నది యుద్ధం ఎలా మొదలైందన్న దాని మీద తీర్పు. ఆక్రమణ అన్నది యుద్ధం తర్వాత ఆ నేల ఎవరి చేతిలో ఉందన్న వాస్తవం.

1907 నాటి హేగ్ నిబంధనల్లో 42వ అధికరణ ప్రకారం, ఒక ప్రాంతం నిజంగా శత్రు సైన్యం అదుపులోకి వస్తే అది ఆక్రమిత ప్రాంతం. యుద్ధం న్యాయమైనదా కాదా అని ఆ సూత్రం అడగదు. అదుపు ఉందా లేదా అంతే. అదుపు ఉందంటే బాధ్యతలు కూడా మీద పడతాయి. శాంతిభద్రతలు చూడాలి. 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం ప్రకారం చేతనైనంతలో జనానికి తిండి, మందులు అందేలా చూడాలి. సొంత పౌరుల్ని తెచ్చి అక్కడ స్థిరపరచకూడదు.

ఇరాక్‌లో 2003 ఏప్రిల్ 9న బాగ్దాద్ పడిపోయింది. అమెరికా, బ్రిటన్ నాయకులు "విముక్తి" అనే మాటనే ఇష్టపడ్డారు. కానీ మే 22న భద్రతా మండలి చేసిన 1483వ తీర్మానం ఆ రెండు దేశాల్నీ ఆక్రమణ శక్తులుగా గుర్తించింది. అదే తీర్మానంలో చిన్న వాక్యం ఇంకోటుంది: ఆక్రమణ శక్తులు కాని దేశాలు కూడా వీళ్ల కింద పనిచేస్తున్నాయి, ఇకముందు పనిచేయవచ్చు అని. ఈ వాక్యం నాకు చాలా ఆసక్తిగా అనిపిస్తుంది. దాని వల్ల పోలండ్, స్పెయిన్ లాంటి దేశాలు సైన్యం పంపి కూడా "మేం ఆక్రమించలేదు, సాయానికొచ్చాం" అని ఇంటి దగ్గర చెప్పుకోగలిగాయి. ఆ వెసులుబాటు ఐక్యరాజ్యసమితిలో చెల్లింది. ఇరాక్ వీధుల్లో చెల్లలేదు. అక్కడివాళ్లకి యూనిఫాం కనిపిస్తుంది తప్ప తీర్మానంలో వాక్యం కనిపించదు కదా.

2004 జూన్ 28న అధికారాన్ని తాత్కాలిక ఇరాక్ ప్రభుత్వానికి అప్పగించారు. కాగితం మీద ఆక్రమణ ఆ రోజుతో ముగిసింది, సైన్యాలు మాత్రం అక్కడే ఉన్నాయి. అందుకే చట్టం లెక్కలో ఆక్రమణ ఏడాదికి కాస్త పైన. జనం లెక్క వేరే.

ఫిషింగ్ హార్బర్ లెక్క

మా వాడికి ఇక్కడే చిక్కుముడి పడింది. "బాధ్యత అమెరికా, బ్రిటన్‌లది, కొట్లాట ఎక్కువ వాళ్లదే. మిగతావాళ్లకి అంత టెన్షన్ ఎందుకు?" దీనికి హార్బర్‌లో బోటు లెక్క చెప్పాను. ఇది ఊహించి వేసిన లెక్క, అంకెలు నావి.

ఐదుగురు కలిసి ఒక మరబోటు వేటకి పంపారనుకుందాం. డీజిల్‌కి, ఐసుకి, బియ్యం పప్పులకి కలిపి 4 లక్షలు. ఒక పెద్ద భాగస్వామి 3 లక్షలు పెట్టాడు. మిగతా నలుగురూ తలా 25 వేలు. సరంగు పెద్దాయన మనిషి, కాబట్టి బోటు ఎటు వెళ్లాలన్నది పెద్దాయన మాట. పది రోజుల్లో వస్తామన్నారు. ఇరవై రోజులైంది, రాలేదు. వాతావరణం బాగోలేదని కబురు.

ఇప్పుడు 25 వేలు పెట్టినవాడి పరిస్థితి చూడండి. డబ్బు నష్టం చిన్నదే. కానీ వాడి తమ్ముడు కళాసీగా ఆ బోటులోనే ఉన్నాడు. ఇంట్లో అమ్మ అడుగుతుంది: "ఎవర్ని అడిగి పంపావురా?" పెద్దాయనకి ఫోన్ చేస్తే, ఇంకో వారం ఉందాం, ఇప్పుడొస్తే పెట్టింది పోతుందంటాడు. ఆయన లెక్కలో అది నిజమే. 3 లక్షలు పెట్టినవాడికి ఇంకో వారం ఆగడం తెలివైన పనిలా కనిపిస్తుంది. 25 వేలు పెట్టినవాడికి ఆ వారం అంతా ఇంట్లో గొడవే. పైగా పెట్టుబడిలో వాడి వంతు ఎనిమిదో వంతులో సగం, నిర్ణయంలో సున్నా, ఇంటి దగ్గర పడే మాటలు మాత్రం పూర్తిగా.

చిన్న మిత్రదేశం ఇరుక్కునేది సరిగ్గా ఇలాగే. ఖర్చు తక్కువ, అధికారం అసలే లేదు, ఓటరు ముందు జవాబుదారీ నూటికి నూరు. ఈ పోలికలో ఒక లోపం ఉందని ఒప్పుకుంటాను. చేపలకి అభిప్రాయాలుండవు. ఆక్రమణలో ఉన్న జనానికి ఉంటాయి. బోటు ఎంత ఆలస్యమైతే వాళ్ల కోపం అంత పెరుగుతుంది, ఆ కోపం జెండా చూసి తేడా పెట్టదు.

49 పేర్ల జాబితా

ఒక దశలో అమెరికా ప్రకటించిన సంకీర్ణం జాబితాలో 49 దేశాలుండేవి. అందులో ఐస్‌లాండ్, కోస్టారికా, పలావు, మార్షల్ దీవులు ఉన్నాయి. వీటికి సొంత సైన్యమే లేదు. కోస్టారికాలో అయితే 2004లో రాజ్యాంగ న్యాయస్థానం, యుద్ధానికి మద్దతు ఇవ్వడమే దేశ రాజ్యాంగ స్ఫూర్తికి విరుద్ధమని తీర్పిచ్చింది. పేరు తీసేయమని ప్రభుత్వమే అమెరికాని అడగాల్సొచ్చింది.

దాడి సమయంలో బ్రిటన్ సుమారు 46 వేలమందిని, ఆస్ట్రేలియా సుమారు 2 వేలమందిని పంపాయి. మిగతా చాలా దేశాలు బాగ్దాద్ పడిపోయాక, కాపలాకీ పునర్నిర్మాణానికీ అని వచ్చాయి. ఎందుకొచ్చాయో చూస్తే తర్వాత ఎందుకు పోయాయో సగం తెలుస్తుంది. పోలండ్‌కి రష్యా భయం, అమెరికా చలవ కావాలి. ఒక బహుళజాతి డివిజన్‌కి నాయకత్వం తీసుకుని సుమారు 2,500 మందిని పంపింది. తమ పౌరులకి అమెరికా వీసా గొడవ తప్పుతుందని అక్కడ చాలామంది ఆశపడ్డారు. ఆ వీసా మినహాయింపు వచ్చింది 2019 నవంబర్‌లో. పోలిష్ సైనికులు ఇరాక్ నుంచి ఇంటికొచ్చిన 11 ఏళ్లకి. సీతమ్మధారలో ఏ కన్సల్టెన్సీ ముందు నిలబడ్డ కుర్రాణ్ని అడిగినా ఆ ఎదురుచూపు ఎలా ఉంటుందో చెబుతాడు.

రాకముందే ఆగినవాళ్లు: టర్కీలో 3 ఓట్లు

అందరూ తలూపలేదు. ఫ్రాన్స్, జర్మనీ మొదటినుంచీ వద్దన్నాయి. 2003 జనవరిలో అమెరికా రక్షణమంత్రి రమ్స్‌ఫెల్డ్ ఆ రెంటినీ "పాత యూరప్" అని ఎద్దేవా చేశాడు. అమెరికా ప్రతినిధుల సభ క్యాంటీన్‌లో ఫ్రెంచ్ ఫ్రైస్ పేరు మార్చేసి "ఫ్రీడమ్ ఫ్రైస్" అని బోర్డు పెట్టారు. అలకల్లో ఇదో రకం.

టర్కీ సంగతి ఇంకా వింత. 62 వేలమంది వరకు అమెరికా సైనికుల్ని తన నేల మీదికి రానిచ్చే ప్రతిపాదన 2003 మార్చి 1న పార్లమెంటు ముందుకొచ్చింది. అనుకూలం 264, వ్యతిరేకం 250. గెలిచినట్టే అనిపిస్తుంది. కానీ తటస్థంగా ఉన్నవాళ్లు 19 మంది. సభలో ఉన్నవాళ్లు మొత్తం 533, అందులో సగానికి మించాలంటే 267 కావాలి. 3 ఓట్లు తక్కువై ప్రతిపాదన వీగిపోయింది. సామాన్లతో టర్కీ తీరం దగ్గర ఎదురుచూస్తున్న అమెరికా ఓడలు చుట్టూ తిరిగి కువైట్ వైపు వెళ్లాయి. అమెరికాకి కోపం వచ్చింది, సంబంధాలు దెబ్బతిన్నాయి. కానీ "ఎవర్ని అడిగి పంపావు" అనే ప్రశ్న టర్కీ ప్రభుత్వానికి ఎదురుకాలేదు. ముందే అడిగింది, కాదన్నారు, ఆగింది.

మాడ్రిడ్: తేదీల వరస ముఖ్యం

ఈ చర్చ ఎక్కడ జరిగినా స్పెయిన్ పేరు రాక తప్పదు. "రైళ్లలో బాంబులు పేలాయి, స్పెయిన్ భయపడి పారిపోయింది" అని ఒక వాదన. తేదీల వరస చూస్తే బొమ్మ అంత తేలిగ్గా కుదరదు.

2003 మార్చిలో స్పెయిన్ ప్రధాని అజ్నార్, అమెరికా అధ్యక్షుడు బుష్‌, బ్రిటన్ ప్రధాని బ్లెయిర్‌ల పక్కన అజోరెస్ దీవుల్లో నిలబడి యుద్ధానికి మద్దతు పలికారు. అప్పటి సర్వేల్లో స్పెయిన్ జనంలో పదిమందికి తొమ్మిదిమంది యుద్ధం వద్దన్నారు. అయినా సుమారు 1,300 మంది సైనికులు వెళ్లారు. ప్రతిపక్ష నేత జపతేరో, ఐక్యరాజ్యసమితి పగ్గాలు తీసుకోకపోతే సైన్యాన్ని వెనక్కి రప్పిస్తామని ఎన్నికల ముందే మాటిచ్చారు. 2004 మార్చి 11న మాడ్రిడ్ రైళ్లలో పేలుళ్లు, 190 మందికి పైగా చనిపోయారు. ప్రభుత్వం మొదట బాస్క్ సాయుధ సంస్థ ఎటా మీదికి వేలు చూపింది. ఆధారాలు ఇస్లామిక్ మిలిటెంట్ల వైపు తిరుగుతుంటే అదే మాట పట్టుకు వేలాడినందుకు జనానికి మండింది. మార్చి 14న పోలింగ్. సోషలిస్టులకి 164 సీట్లు, అధికార పక్షానికి 148. ఏప్రిల్ 17న జపతేరో ప్రమాణం, 18న ఉపసంహరణ ఆదేశం.

అంటే హామీ ముందు, బాంబులు తర్వాత. అయితే బాంబులు లేకపోతే ఆ పార్టీ గెలిచేదా అన్నది వేరే ప్రశ్న. దాని మీద స్పెయిన్‌లోనే ఇప్పటికీ రెండు మాటలున్నాయి. జపతేరోని తప్పుపట్టేవాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు: కారణం ఏదైనా, బాంబు పెట్టినవాడికి తన పని ఫలించినట్టే కనిపిస్తుంది కదా అని.

దాని వెనకాలే జరిగిన దాన్ని ఎక్కువమంది గమనించలేదు. స్పెయిన్ బ్రిగేడ్ కింద మధ్య అమెరికా దేశాల చిన్న దళాలుండేవి. డబ్బుల్లేక నికరాగ్వా అప్పటికే మానుకుంది. స్పెయిన్ లేచేసరికి హోండురస్, డొమినికన్ రిపబ్లిక్ కూడా సామాను సర్దుకున్నాయి. ఎల్ సాల్వడోర్ ఒక్కటే మిగిలింది, 2009 దాకా ఉంది. వాళ్లందరి మీదా ఉన్న పోలండ్ కమాండరుకి ఒక్కసారిగా జిల్లాలకి జిల్లాలు ఖాళీ అయిపోయాయి.

ఒక ట్రక్కు డ్రైవరు

2004 జులైలో ఇరాక్‌లో ఫిలిప్పీన్స్ ట్రక్కు డ్రైవరు ఒకరిని ఎత్తుకుపోయారు. దళాన్ని వెనక్కి పంపకపోతే తల తీస్తామన్నారు. ఫిలిప్పీన్స్ దళం ఎంతనుకున్నారు? 51 మంది. అధ్యక్షురాలు అర్రోయో వాళ్లని గడువుకి ముందే వెనక్కి రప్పించారు, డ్రైవరు ప్రాణాలతో బయటపడ్డాడు. అమెరికా, ఆస్ట్రేలియా బాహాటంగా తప్పుపట్టాయి. మనీలా వీధుల్లో మాత్రం పండగ. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న దేశంలో ఆ డ్రైవరు ప్రతి ఇంటి మనిషే. ఇది మనకి విడమర్చి చెప్పక్కర్లేదు. కోనసీమలో, కడపలో, ఇటు శ్రీకాకుళంలో కువైట్ ఫోన్ కోసం ఎదురుచూసే ఇళ్లు ఎన్ని లేవు! అదే నెలలో కువైట్ రవాణా కంపెనీలో పనిచేసే ముగ్గురు భారతీయ డ్రైవర్లని కూడా ఇరాక్‌లో ఎత్తుకుపోయారు. సెప్టెంబర్ 1న వదిలారు. మనకి మాత్రం అక్కడ వెనక్కి రప్పించడానికి సైన్యమే లేదు.

షరతులతో వచ్చిన సైన్యాలు

అన్ని తగవులూ వెళ్లిపోవడం గురించే కాదు. ఉన్నవాళ్లు ఏం చేస్తారన్న దాని మీద ఇంకా ఎక్కువ. ప్రతి దేశం తన సైనికులకి "ఇది చెయ్యొచ్చు, ఇది కూడదు" అని షరతులు పెట్టి పంపుతుంది.

జపాన్ చూడండి. వాళ్ల రాజ్యాంగం యుద్ధాన్ని వదులుకుంది. అందుకని యుద్ధం జరగని చోటికి మాత్రమే వెళ్లేలా ప్రత్యేక చట్టం చేసి, సుమారు 600 మందిని సమావా పట్నానికి పంపారు. మంచినీళ్లు శుద్ధి చెయ్యడం, బడులు బాగుచెయ్యడం వాళ్ల పని. యుద్ధం లేని చోటు ఏదని ప్రతిపక్షం నిలదీస్తే, మన దళం ఉన్న చోటే యుద్ధం లేని చోటు అన్నట్టు ప్రధాని కొయిజుమి జవాబిచ్చారు. నవ్వొస్తుంది గానీ, చట్టం ప్రకారం ఆయన వేరేలా చెప్పే వీల్లేదు.

ఇప్పుడు చిక్కు: కాల్పులు జరపలేని సైన్యానికి కాపలా ఎవరు? డచ్చివాళ్లు. 2005 మార్చిలో డచ్ దళం, అంటే నెదర్లాండ్స్ సైన్యం, ఇంటికెళ్లిపోయింది. జపాన్ కూడా పోతుందేమోనని భయం. ఆ ఖాళీ పూడ్చడానికి ఆస్ట్రేలియా కొత్తగా 450 మందిని పంపాల్సొచ్చింది. సైన్యాన్ని పెద్దగా పెంచబోమని అంతకుముందు చెప్పిన ప్రధాని హోవర్డ్ సొంత దేశంలో మాటలు పడ్డారు. డచ్ ప్రభుత్వం హేగ్‌లో తీసుకున్న నిర్ణయం కాన్‌బెర్రాలో రాజకీయమైంది, టోక్యో కోసం.

అఫ్ఘానిస్తాన్‌లో ఇది పెద్ద ఎత్తున జరిగింది. అక్కడ చట్టరీత్యా ఆక్రమణ కథ వేరు. 2001 చివర్లో కొత్త అఫ్ఘాన్ ప్రభుత్వం వచ్చింది, ఐక్యరాజ్యసమితి అనుమతి ఉంది, అమెరికా మీద 9/11 దాడుల తర్వాత నాటో వాడిన 5వ అధికరణ ఉంది. అయినా పల్లెల్లో తలుపు తన్ని లోపలికొచ్చే సైనికుణ్ని చూసినవాడికి ఆ తేడా ఎంతవరకు తెలిసుంటుందో చెప్పలేం. జర్మన్ దళాలు ప్రధానంగా ఉత్తరాన ఉండేవి. దక్షిణాన కందహార్‌లో కెనడా, హెల్మండ్‌లో బ్రిటన్, ఉరుజ్గాన్‌లో డచ్చివాళ్లు. శవపేటికలు ఎక్కువ వచ్చింది దక్షిణం నుంచే. కెనడా 2008లో సూటిగా చెప్పేసింది: ఇంకో మిత్రదేశం 1,000 మందిని పంపి తోడొస్తేనే కందహార్‌లో కొనసాగుతాం అని. అదే ఏడాది అమెరికా రక్షణమంత్రి గేట్స్ మ్యూనిక్‌లో మాట్లాడుతూ, ప్రాణాలివ్వడానికి సిద్ధపడేవాళ్లు కొందరు, పడనివాళ్లు కొందరుగా నాటో రెండంతస్తుల కూటమిగా మారకూడదని హెచ్చరించారు.

నెదర్లాండ్స్‌లో ఏకంగా ప్రభుత్వమే కూలింది. ఉరుజ్గాన్ గడువు ఇంకా పొడిగించమని నాటో ప్రధాన కార్యదర్శి ఉత్తరం రాశారు. ప్రధాని బాల్కెనెండె ఆలోచిద్దామన్నారు. గడువయ్యాక వచ్చేస్తామని ఓటర్లకి చెప్పుకున్న లేబర్ పార్టీ, 2010 ఫిబ్రవరి 20న అధికార సంకీర్ణం నుంచి లేచిపోయింది. ఆగస్టుకల్లా డచ్చి దళం వెనక్కి బయల్దేరింది. బయట మిత్రుడికిచ్చిన మాట, ఇంట్లో మిత్రపక్షానికిచ్చిన మాట ఒకేసారి నిలబెట్టడం వాళ్లకి కుదరలేదు.

దగ్గరుంటే మాట చెల్లుతుందా?

వెళ్లిపోకుండా చివరిదాకా ఉన్న మిత్రుల వాదన ఏమిటంటే, పక్కనుంటేనే పెద్దవాడి చెవిలో మాట వేయగలం. బ్రిటన్ ప్రధాని బ్లెయిర్ పందెం ఇదే. 2002 జులైలోనే బుష్‌కి రాసిన నోట్‌లో, ఏమైనా సరే మీతో ఉంటానన్నారు. ఈ వాదనకి బలం లేకపోలేదు. 2002 చివర్లో అమెరికా కనీసం భద్రతా మండలి దాకా వెళ్లిందంటే అందులో బ్రిటన్ ఒత్తిడి పాత్ర ఉంది.

కానీ ఇరాక్ యుద్ధంలో బ్రిటన్ పాత్ర మీద 2016లో వచ్చిన చిల్‌కాట్ విచారణ నివేదిక వేరేగా తేల్చింది. ఇరాక్ విషయంలో అమెరికా నిర్ణయాల్ని ప్రభావితం చేయగల తన శక్తిని బ్లెయిర్ ఎక్కువగా ఊహించుకున్నారని చెప్పింది. ఇద్దరి ప్రయోజనాలూ కలవని చోట బేషరతు మద్దతు ఇవ్వకపోయినా ఆ స్నేహం తట్టుకుంటుందనీ చెప్పింది. అప్పటికి ఇరాక్‌లో 179 మంది బ్రిటిష్ సైనిక సిబ్బంది చనిపోయారు. నా మటుకు నాకు, "ఏమైనా సరే" అని ముందే చెప్పేశాక బేరానికి చేతిలో ఏం మిగులుతుందో అర్థం కాదు. పూర్ణామార్కెట్‌లో కూడా ధర అడగకముందే సంచీ చాపితే అంతే సంగతులు.

ఇటలీకి ఎదురైంది ఇంకా చేదు. 2005 మార్చి 4న బందీగా ఉన్న ఒక జర్నలిస్టుని విడిపించి బాగ్దాద్ విమానాశ్రయానికి తీసుకెళ్తున్న ఇటలీ నిఘా అధికారి నికోలా కాలిపారి, అమెరికా సైనికుల కాల్పుల్లో చనిపోయారు. రెండు దేశాలూ కలిసి విచారణ మొదలుపెట్టి, చివరికి ఒక్క నివేదిక రాయలేక రెండు రాశాయి. అమెరికాది తమ సైనికుల తప్పు లేదంది, ఇటలీది ఒప్పుకోలేదు. 2006 చివరికి ఇటలీ దళం కూడా వెళ్లిపోయింది.

ఉన్నవాళ్లకి చివర్లో ఏం దక్కిందో అఫ్ఘానిస్తాన్‌లో కనిపించింది. 2020 ఫిబ్రవరి 29న దోహాలో, సైన్యాలు వెనక్కి వెళ్లే ఒప్పందం మీద సంతకాలు చేసింది అమెరికా, తాలిబన్లు. మిగతా మిత్రదేశాలు ఆ ఒప్పందంలో పక్షాలు కావు. 2021 వసంతంలో అక్కడి నాటో దళంలో అమెరికన్లు సుమారు 2,500, మిగతా దేశాలవాళ్లు సుమారు 7 వేలు. సంఖ్యలో వీళ్లే ఎక్కువ. కానీ హెలికాప్టర్లు, విమానాలు, నిఘా చాలావరకు అమెరికావి. అమెరికా వెళ్తున్నానంటే వీళ్లు ఒక్క నెల కూడా ఆగలేరు. ఆగస్టులో కాబూల్ పడిపోయాక, తరలింపు గడువు ఆగస్టు 31 దాటి కాస్త పొడిగించమని బ్రిటన్ తదితరులు అడిగారు. బైడెన్ కుదరదన్నారు.

వెళ్లడం ద్రోహమా, ఓటరు మాట వినడమా?

ఒక పక్షం అంటుంది: కలిసి వెళ్లినప్పుడు కలిసే రావాలి. మధ్యలో లేచిపోతే ఆ బరువు పక్కవాడి భుజం మీద పడుతుంది, వాడి ప్రాణం మీదికొస్తుంది. ఎదుటివాడికి బలహీనమైన లంకె ఎక్కడుందో తెలిసిపోతుంది. పైగా ఆ దేశంలో మనల్ని నమ్మి దుబాసీలుగా, పోలీసులుగా చేరినవాళ్ల గతేంటి?

ఇంకో పక్షం అంటుంది: మాటిచ్చింది ప్రభుత్వం, చావడానికి వెళ్లింది జనం పిల్లలు. జనం ఎన్నికల్లో వద్దని తేల్చి చెప్పాక కూడా ఉండడం ఏ ప్రజాస్వామ్యం? మొదట చెప్పిన కారణమే, అంటే ఇరాక్ దగ్గర సామూహిక వినాశక ఆయుధాలున్నాయన్న మాటే తప్పని తేలాక, ఒప్పందానికి పునాది ఏముంది? 2004 మార్చిలో పోలండ్ అధ్యక్షుడు క్వాస్నియెవ్‌స్కీ స్వయంగా, సామూహిక వినాశక ఆయుధాల విషయంలో తమని తప్పుదోవ పట్టించారని బయటికే అన్నారు. అలా అని పోలండ్ వెంటనే వెళ్లిపోలేదు, 2008 దాకా ఉంది.

రెండు వాదనల్లోనూ నిజముంది గానీ రెండూ కథ చివరి అంకం గురించే మాట్లాడతాయి. నాకైతే తగవు మొదటి అంకంలోనే మొదలైనట్టు కనిపిస్తుంది. వద్దని ముందే తెలిసిన ఇంటి నుంచి మనిషిని పంపిన ప్రభుత్వం, మిత్రుడికి తీర్చలేని అప్పు రాసిచ్చింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ నోటు చెల్లదంది.

మన దగ్గరికి వచ్చిన ఉత్తరం

భారత్ ఈ గొడవకి చాలా దగ్గరగా వచ్చి ఆగింది. 2003 ఏప్రిల్ 8న లోక్‌సభ ఇరాక్ యుద్ధం మీద ఏకగ్రీవ తీర్మానం చేసింది. దానికి ముందు పెద్ద రభస ఒక్క మాట మీద. ప్రతిపక్షం గట్టి మాట కావాలంది, అమెరికాతో చెడకూడదని ప్రభుత్వం మెత్తటి మాట వెతికింది. చివరికి హిందీలో "నిందా" అని పెట్టారు, ఇంగ్లిష్‌లో "కండెమ్" అనకుండా "డిప్లోర్" అన్నారు. హిందీ నిందా మన ఖండనకి దగ్గర, తెలుగు నింద మాత్రం లేనిపోనివి అంటగట్టడం వైపు జరిగిపోయింది. తీర్మానాన్ని తెలుగులో రాయాల్సొస్తే అనువాదకుడి పాట్లు ఆ దేవుడికే తెలియాలి.

తర్వాత అమెరికా మన సైన్యాన్నే పంపమని అడిగింది. ఒక డివిజన్, 17 వేలమంది వరకు, ఉత్తర ఇరాక్‌కి. ఢిల్లీలో వెళ్దామన్నవాళ్లు తక్కువేం కాదు. అమెరికాతో స్నేహం గట్టిపడుతుంది, పునర్నిర్మాణం కాంట్రాక్టులొస్తాయి, పెద్ద దేశంగా గుర్తింపు అన్నారు. వద్దన్నవాళ్లు ఐక్యరాజ్యసమితి జెండా లేదు, గల్ఫ్‌లో మనవాళ్లున్నారు, రేపు ఎన్నికలున్నాయి అన్నారు. 2003 జులై 14న భద్రతా వ్యవహారాల క్యాబినెట్ కమిటీ కూర్చుని, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం ఉంటే అప్పుడు చూద్దామంది. అక్టోబర్‌లో భద్రతా మండలి 1511వ తీర్మానంతో బహుళజాతి దళానికి అనుమతి ఇచ్చింది. అయినా మనం వెళ్లలేదు.

ఎందుకు వెళ్లలేదన్న దానికి కారణాలు చాలా చెబుతారు. ఈ ఊళ్లో, తూర్పు నౌకాదళం ఊళ్లో, నేవీ నుంచి రిటైరైనవాళ్లని అడిగితే ముందుగా వచ్చే పేరు మాత్రం శ్రీలంక. 1987 జులై 29న మన ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనె అక్కడి తమిళుల పోరు ఆపడానికి ఒప్పందం చేసుకున్నారు, మన సైన్యం శాంతి దళంగా వెళ్లింది. పిలిస్తేనే వెళ్లాం, కాబట్టి చట్టం ప్రకారం అది ఆక్రమణ కాదు. కానీ మర్నాడే కొలంబోలో గౌరవ వందనం స్వీకరిస్తున్న రాజీవ్‌ని శ్రీలంక నావికుడొకడు తుపాకీ మడమతో కొట్టాడు. ఎవర్ని కాపాడ్డానికి వెళ్లామో ఆ తమిళుల వైపు ఉన్న సాయుధ సంస్థ ఎల్టీటీఈతో అక్టోబర్‌కల్లా యుద్ధం. దక్షిణాన సింహళ యువత భారత సైన్యం పొమ్మని తిరుగుబాటు. 1989లో కొత్త అధ్యక్షుడు ప్రేమదాస, జులై 29లోగా ఖాళీ చెయ్యమని గడువు పెట్టాడు. ఆయన ప్రభుత్వమే మన సైన్యం మీద పోరాడుతున్న ఎల్టీటీఈకి ఆయుధాలిచ్చిందని తర్వాత బయటపడింది. మనవాళ్లు 1,100 మందికి పైగా చనిపోయారు.

1990 మార్చి 24న ఆఖరి దళం ట్రింకోమలీ నుంచి ఓడెక్కింది. తిరిగొచ్చిన సైన్యానికి చెన్నై రేవులో ఢిల్లీ తరఫున స్వాగతం ఏర్పాటైంది. తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి దానికి వెళ్లలేదు.

మా వాడు మిక్చర్ పొట్లం మడిచి జేబులో పెట్టుకుని అడిగాడు. "అయితే మావయ్యా, అక్కడ మన మిత్రుడెవరు? కొలంబోనా, తమిళులా?" ఏ సంవత్సరంలో అని అడిగాను.